మీ ప్రశ్నలు, మా జవాబులు: కంట్రోల్ రూం కంప్యూటర్‌కు రెండో నెట్‌వర్క్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గొడవ. ప్లాంట్లో, సబ్‌స్టేషన్‌లో నెట్‌వర్క్ రెండు దారులుగా వేశారు, మరి దాన్ని చూసే కంప్యూటర్‌ను ఆ రెండిటికీ ఎలా తగిలించాలి అని. అందుకే ఈ నెల పేజీలన్నీ దానికే ఇచ్చేశాం. ఫోన్ చార్జింగ్ గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలి.

ప్రశ్న: సార్, మేం కాంట్రాక్టు మీద 132 కేవీ సబ్‌స్టేషన్లలో కంట్రోల్ ప్యానెళ్లు, స్కాడా (దూరం నుంచి చూసే, నడిపే కంప్యూటర్ వ్యవస్థ) పనులు చేస్తాం. ఇప్పుడు చేస్తున్న చోట రిలేలన్నీ (లైన్లో తేడా వస్తే బ్రేకర్‌ను పడగొట్టే పరికరాలు) పీఆర్‌పీవి, అంటే ఒకే డేటాను రెండు నెట్‌వర్కుల మీద పంపేవి, ఒక్కోదానికి రెండేసి ఫైబర్ పోర్టులు. హెచ్‌ఎంఐ (ఆపరేటర్ చూసే స్క్రీన్), గేట్‌వే (డేటాను బయటి సెంటర్‌కు పంపేది) రెండూ నడిచే ఇండస్ట్రియల్ పీసీకి మామూలు లాన్ పోర్టులు రెండున్నాయి. వెండరేమో పీఆర్‌పీ కార్డు విడిగా కొనమంటున్నాడు, రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఉన్న రెండు పోర్టులకే టీమింగ్ (రెండిటినీ ఒకే పోర్టులా కలిపి వాడటం) పెట్టేస్తే అయిపోదా? – వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అవదు. అలాగని కార్డే కొనాలని కూడా లేదు, అక్కడికి వస్తాను.

ముందు పీఆర్‌పీ ఏం చేస్తుందో చూడండి. అక్కడ లాన్ ఏ, లాన్ బీ అని రెండు నెట్‌వర్కులుంటాయి, వాటి మధ్య ఎక్కడా ఒక్క కేబుల్ కూడా ఉండకూడదు. రిలే పంపే ప్రతి ఫ్రేమూ (డేటా మూట) రెండు కాపీలై ఒకటి ఏ మీద, ఇంకోటి బీ మీద ఒకేసారి బయల్దేరుతుంది, ఒకే కాగితాన్ని రెండు కవర్లలో పెట్టి రెండు ఆర్టీసీ బస్సుల్లో పంపినట్టు. అందుకునేవాడు ముందొచ్చింది తీసుకుని రెండోది వస్తే పడేస్తాడు. ఏది రెండో కాపీయో తెలియడానికి ఫ్రేమ్ చివర ఆరు బైట్ల తోక ఒకటి తగిలిస్తారు, అందులో వరస నంబరు, ఏ లానో చెప్పే గుర్తు, సైజు, ఆఖర్న 88ఎఫ్‌బీ అనే ముద్ర ఉంటాయి. ఒక దారి పోతే ఇంకో దారికి మారడమనే పనే ఇందులో లేదు కాబట్టి మారడానికి పట్టే టైమూ లేదు. వెండర్లు సున్నా మిల్లీసెకన్లు అని చెప్పేది ఈ ఒక్క విషయంలో నిజమే. ఇదంతా ఐఈసీ 62439-3 స్టాండర్డ్‌లో ఉంది.

టీమింగ్ అలా పనిచెయ్యదు. ఒక పోర్టు పనిలో ఉంటుంది, రెండోది ఖాళీగా కూర్చుంటుంది, మొదటిదాని లింక్ పడిపోతే రెండోది లేస్తుంది. అది చూసేది తన కేబుల్‌ను మాత్రమే. ఇప్పుడు మీ సైట్లోనే ఒక కేసు ఊహించండి: పీసీ లాన్ ఏ మీద నడుస్తోంది, పీసీ నుంచి స్విచ్‌కు కేబుల్ శుభ్రంగా ఉంది, లైటు పచ్చగా వెలుగుతోంది. అవతల మూడో బేలో (ఒక లైనుకో ట్రాన్స్‌ఫార్మర్‌కో చెందిన భాగం) రిలేకు ఏ వైపు ఫైబర్ పోయింది. ఆ రిలే తన వంతుగా బీ మీద డేటా పంపుతూనే ఉంది, కానీ మీ పీసీ బీ వైపు వినడం లేదు, తన లింక్ బాగానే ఉంది కాబట్టి మారాలని దానికి తోచనూ తోచదు. స్క్రీన్ మీద మూడో బే ఫెయిల్ అని వస్తుంది. ఒక ఫైబర్ పోతే తట్టుకోవడానికే కదా ఇంత ఖర్చు పెట్టింది, సరిగ్గా ఒక ఫైబర్ పోయినందుకే బే కనపడకుండా పోయింది.

లింక్ బదులు రిలేలకు ఏఆర్‌పీ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) పంపి చూసుకునేలా పెడితే? కొంచెం నయం, అంతే. మూడో బేకు ఏ పోయి, ఐదో బేకు బీ పోయిందనుకోండి, పీసీ ఏ వైపు కూర్చున్నా ఒక బే కనపడదు. లినక్స్ బాండింగ్‌లో బ్రాడ్‌కాస్ట్ మోడ్ అని ఒకటుంది, రెండు పోర్టుల మీదా పంపుతుంది, కొందరు తెలివిగా దాన్ని పట్టుకుంటారు. కానీ అది తోక తగిలించదు, వచ్చిన రెండో కాపీని పడేయదు. టీసీపీ అయితే డబుల్ ప్యాకెట్లను ఎలాగో సర్దుకుంటుంది గానీ మిగతావి అప్లికేషన్ నెత్తి మీద రెండేసి పడతాయి.

ఇక మీ ముందున్న దారులు. కార్డు ఒకటి. దాని మీద ఎఫ్‌పీజీఏ (ఈ పని కోసమే ప్రోగ్రాం చేసిన చిప్) ఉంటుంది, కాపీలు తియ్యడం, పడెయ్యడం అంతా అదే చూసుకుంటుంది, విండోస్‌కు మాత్రం అది ఒకే ఒక్క నెట్‌వర్క్ కార్డులా కనపడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏమీ మార్చక్కర్లేదు, ఒకే ఐపీ. కొనేముందు స్లాట్ చూసుకోండి: కొన్ని కంపెనీల మాడ్యూళ్లు వాళ్ల సొంత పీసీలకే పడతాయి, మామూలు పీసీఐఈ స్లాట్‌లో దిగవు. ఫ్యాన్ లేని పీసీ అయితే కార్డు వేడి ఎటు పోతుందో కూడా అడగండి, మన మే నెలలో కంట్రోల్ రూం ఏసీ ఆగితే ప్యానెల్ లోపల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా.

రెండోది రెడ్‌బాక్స్. మూడు పోర్టుల పెట్టె: రెండు లాన్ ఏ, లాన్ బీ వైపు, ఒకటి మీ పీసీ వైపు. పీసీకి మామూలు లాన్ పోర్టు ఒక్కటి చాలు, పీసీని విప్పే పనే లేదు. పెట్టె నుంచి పీసీకి వచ్చే ఆ ఒక్క కేబుల్, ఆ పెట్టె పవర్ సప్లై మాత్రం ఒంటరివే, ఏది పోయినా పీసీ ఒంటరి అవుతుంది. కానీ ఆ కేబుల్ ఒకే ప్యానెల్లో మీటరు పొడవున ఉంటే, పీసీ కూడా ఒక్కటే ఉన్న చోట, నాకైతే అదేమంత పెద్ద అభ్యంతరంగా అనిపించదు. ఇప్పటికే నడుస్తున్న, షట్‌డౌన్ దొరకని పాత పీసీకి నేను సలహా ఇచ్చేది ఇదే.

మూడోది సాఫ్ట్‌వేర్. మీ గేట్‌వే లినక్స్ మీద నడుస్తుంటే అదృష్టం: కెర్నల్ 5.9 నుంచి పీఆర్‌పీ అందులోనే ఉంది, హెచ్‌ఎస్‌ఆర్ (రింగ్‌లో రెండు కాపీలు పంపే పద్ధతి) డ్రైవర్‌లోనే ప్రోటోకాల్ నంబరు 1 అని చెబితే పీఆర్‌పీ అవుతుంది. పాత డెబియన్ 10లో కెర్నల్ 4.19, అందులో హెచ్‌ఎస్‌ఆర్ ఉంటుంది గానీ పీఆర్‌పీ ఉండదు. డెబియన్ 11లో 5.10. మీ పీసీ తయారీదారు ఇచ్చిన కెర్నల్లో ఆ మాడ్యూల్ కంపైల్ చేశారో లేదో చూసుకోండి. ఐపీని కొత్తగా తయారైన ఇంటర్‌ఫేస్‌కే ఇవ్వాలి, కింది రెండు పోర్టులకు ఏమీ ఇవ్వకూడదు, వాటి మీద డీహెచ్‌సీపీ తిరుగుతుంటే ఆపేయాలి. విండోస్‌లో మాత్రం పుట్టుకతో పీఆర్‌పీ లేదు. సీమెన్స్ సాఫ్ట్‌నెట్ ఐఈ ఆర్‌ఎన్‌ఏ లాంటివి కొనుక్కుని మామూలు నెట్‌వర్క్ కార్డులు రెండిటి మీద నడపొచ్చు, అయితే మీ విండోస్ వెర్షన్‌కు, మీ కార్డులకు సపోర్టు ఉందని కాగితం మీద తీసుకున్నాకే డబ్బు కట్టండి.

హెచ్‌ఎంఐకి, 104 అనే ప్రోటోకాల్‌లో (సబ్‌స్టేషన్ డేటా పంపే భాష) లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు డేటా పంపే గేట్‌వేకు సాఫ్ట్‌వేర్ పీఆర్‌పీ హాయిగా సరిపోతుంది. ప్రాసెస్ బస్ (యార్డులోని పరికరాలకూ రిలేలకూ మధ్య నెట్‌వర్క్) మీది శాంపిల్డ్ వాల్యూస్ (కరెంటు, వోల్టేజీల కొలతలు) వినాలంటే లెక్క మారుతుంది. ఒక మెర్జింగ్ యూనిట్ (ఆ కొలతలు పంపే పెట్టె) 50 హెర్ట్జ్‌లో సైకిల్‌కు 80 శాంపిళ్ల చొప్పున సెకనుకు 4,000 ఫ్రేములు పంపుతుంది, రెండు లాన్‌ల మీద 8,000, అలాంటి యూనిట్లు పది ఉంటే మీరే గుణించుకోండి. అక్కడ కార్డే. పీటీపీతో (నెట్‌వర్క్ మీద గడియారాలు కలిపే పద్ధతి) మైక్రోసెకన్ల టైము కావాలన్నా కార్డే, ఎందుకంటే ఏ, బీల ఆలస్యం వేరువేరు కాబట్టి పీటీపీ ఫ్రేములను మామూలు కాపీల్లా ముందొచ్చింది తీసుకుని రెండోది పడేస్తానంటే కుదరదు. ఈవెంట్లకు మిల్లీసెకన్ల ముద్ర రిలేలోనే పడుతుంది, పీసీకి ఎన్‌టీపీ (అంత కచ్చితం కాని గడియార పద్ధతి) చాలు.

ప్రశ్న: కార్డు మాన్యువల్‌లో రెండు పోర్టులకూ ఒకే మ్యాక్ అడ్రస్, ఒకే ఐపీ అని ఉంది. కాన్‌ఫ్లిక్ట్ రాదా? – తిరుపతి

జవాబు: రాదు, రెండు లాన్‌లు ఎక్కడా కలవనంత వరకు. కలిస్తే మాత్రం తమాషా మొదలవుతుంది: స్విచ్‌కు అదే మ్యాక్ ఒకసారి ఈ పోర్టులో, మరుక్షణం ఆ పోర్టులో కనపడుతుంది, దాని టేబుల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. లాప్‌టాప్ పెట్టుకోవడానికి పోర్టు కావాలని ఎవరో ఏ స్విచ్ నుంచి బీ స్విచ్‌కు ప్యాచ్ కార్డు గుచ్చడం, ఇలాంటి వాటిలో మామూలుగా జరిగేది అదే. ఏ అంతా ఒక రంగు, బీ అంతా ఇంకో రంగు కేబుళ్లు వాడండి, ఖర్చు లేని మందు. కార్డులో రాంగ్ లాన్ అనే కౌంటర్ ఉంటుంది, అది పెరుగుతోందంటే ఏ ఫ్రేములు బీ పోర్టులోకి వస్తున్నాయని అర్థం. ప్రింటర్, లాప్‌టాప్ లాంటి ఒంటి పోర్టు వస్తువులను ఏదో ఒక లాన్ మీద పెట్టుకోవచ్చు. వాటికి ఆ తోక ఉత్త ప్యాడింగ్‌లా కనపడుతుంది, పట్టించుకోవు.

ప్రశ్న: మాది సిమెంట్ ప్లాంట్. స్విచ్‌లన్నీ రింగ్‌లో ఉన్నాయి, ప్రొఫినెట్ (యంత్రాల కంట్రోల్ నెట్‌వర్క్), ఎంఆర్‌పీ (రింగ్ తెగితే దారి మార్చే పద్ధతి). స్కాడా సర్వర్‌కు రెండు పోర్టులున్నాయి కదా, దాన్ని కూడా రింగ్ మధ్యలో పెట్టేద్దామంటున్నారు మా సీనియర్. మీరేమంటారు? – తాండూరు

జవాబు: వద్దనండి, మర్యాదగానే చెప్పండి. రింగ్‌లో ఉన్న ప్రతి పెట్టే అవతలివాళ్ల ట్రాఫిక్‌ను దాటించాలి. సర్వర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ, అంటే విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ, మీ రింగ్ తెగుతుంది. తెగినప్పుడు మేనేజర్ స్విచ్ రెండో వైపు దారి తెరుస్తుంది సరే, కానీ ఆ సమయంలో ఇంకెక్కడైనా ఇంకో కేబుల్ పోతే ప్లాంట్ రెండు ముక్కలు.

మీ దగ్గర టీమింగే సరైన మందు. వరంగల్ పాఠకుడికి వద్దని మీకు ఎందుకు ఇస్తున్నానంటే, మీ రింగ్ ఒకే నెట్‌వర్క్. సర్వర్ ఒక పోర్టును రింగ్‌లోని ఒక స్విచ్‌కు, రెండోదాన్ని అదే రింగ్‌లో దూరంగా ఉన్న ఇంకో స్విచ్‌కు ఇవ్వండి, ఎటు నుంచి వెళ్లినా అన్ని పరికరాలూ అందుతాయి. యాక్టివ్, స్టాండ్‌బై పద్ధతే పెట్టండి. ఎల్‌ఏసీపీ (రెండు కేబుళ్లనూ ఒకేసారి కలిపి వాడే పద్ధతి) జోలికి పోకండి, రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌కు గానీ ఒకే స్టాక్‌కు గానీ వెళ్తేనే దానికి అర్థం. విండోస్ సర్వర్‌లో 2012 నుంచి టీమింగ్ ఉంది, విండోస్ 10 వేసిన పీసీలో దాన్ని నమ్ముకోవద్దు. లినక్స్ అయితే లింక్‌ను ఎన్ని మిల్లీసెకన్లకోసారి చూడాలో చెప్పే సెట్టింగ్‌ను 100 దగ్గర పెట్టండి, అది సున్నాగా ఉంటే అసలు చూడనే చూడదు.

ఎంఆర్‌పీ రింగ్ 50 పరికరాల దాకా, తెగాక 200 మిల్లీసెకన్ల లోపు సర్దుకునేలా సాధారణంగా సెట్ చేస్తారు. స్కాడాకు అది లెక్కలోకి రాదు, టీసీపీ మళ్లీ పంపుకుంటుంది. అసలు టెన్షన్ పీఎల్‌సీకి (యంత్రాలను నడిపే కంట్రోలర్), రిమోట్ ఐఓకు (దూరంగా ఉన్న సెన్సర్లు, వాల్వులను దానికి కలిపే పెట్టె) మధ్య. ప్రొఫినెట్‌లో మూడు అప్‌డేట్ సైకిళ్లు డేటా రాకపోతే స్టేషన్ పోయినట్టు తీసుకోవడం మామూలు సెట్టింగ్. అప్‌డేట్ 8 మిల్లీసెకన్లయితే 24లోనే ఐఓ పడిపోతుంది, రింగ్ సర్దుకోవడానికి ముందే కిల్న్ (సిమెంట్ కొలిమి) ఇంటర్‌లాక్‌లు ట్రిప్ అయి అది ఆగిపోతుంది. ఆ వాచ్‌డాగ్‌ను (డేటా రాకపోతే ఎంతసేపు ఆగాలో చెప్పే టైము) 200 మిల్లీసెకన్ల కంటే పైకి తియ్యండి, ప్రాసెస్ ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే మీకు వేరే రకం రిడండెన్సీ కావాలి. ఇంకొకటి, రింగ్‌లో మేనేజర్ ఒక్కటే ఉందో లేదో చూసుకోండి. ఒక్కటీ లేకుండా రింగ్ కలిపితే బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ (అవే ఫ్రేములు ఆగకుండా తిరగడం) వచ్చి మొత్తం స్తంభిస్తుంది.

ప్రశ్న: డిప్లొమా ఫైనలియర్. ప్రాజెక్ట్ కోసం పీసీకి హెచ్‌ఎస్‌ఆర్ పెట్టాలా, పీఆర్‌పీ పెట్టాలా? – కాకినాడ

జవాబు: తమ్ముడూ, పీసీకైతే పీఆర్‌పీ. హెచ్‌ఎస్‌ఆర్ కూడా రెండు కాపీలే, కానీ స్విచ్‌లు లేని రింగ్‌లో రెండు వైపులా పంపుతుంది. ప్రతి పరికరం మిగతావాళ్ల ఫ్రేములను దాటించాలి, సర్వర్‌ను రింగ్‌లో పెట్టొద్దని పైన చెప్పిన కారణమే ఇక్కడా. పైగా ప్రతి ఫ్రేమూ రెండు వైపులా తిరుగుతుంది కాబట్టి 100 మెగాబిట్ రింగ్‌లో నీకు దక్కేది సుమారు సగమే. అయితే ప్రాజెక్ట్ అంటున్నావు కాబట్టి, రెండేసి లాన్ పోర్టులున్న పాత పీసీలు మూడు, లినక్స్ ఉంటే రెండూ పైసా ఖర్చు లేకుండా చేసి చూపించొచ్చు. హెచ్‌ఎస్‌ఆర్ అందులో కెర్నల్ 3.13 నుంచే ఉంది. వైర్‌షార్క్‌లో (ఫ్రేములను విప్పి చూపే సాఫ్ట్‌వేర్) పీఆర్‌పీ ఫ్రేమ్ చివర 88ఎఫ్‌బీ చూపించు, ఎగ్జామినర్ ఇంకేమీ అడగడు.

ప్రశ్న: కార్డు పెట్టాం, రిలేలన్నీ పింగ్ అవుతున్నాయి. పని అయిపోయినట్టేనా? కస్టమర్ టెస్ట్ రిపోర్ట్ అడుగుతున్నాడు, ఏమేం రాయాలి? – విజయవాడ

జవాబు: పింగ్ వచ్చిందంటే రెండు దారుల్లో కనీసం ఒకటి బతికుందని, అంతకుమించి దానికి అర్థం లేదు. బీ వైపు కేబుల్ అసలు గుచ్చకపోయినా పింగ్ ఇలాగే వస్తుంది. ఈ పద్ధతిలో నన్ను భయపెట్టేది ఇదొక్కటే: సగం చచ్చిపోయినా ఎవరికీ తెలియదు, స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంటుంది. కమిషనింగ్ అయిన నెలకే బీ స్విచ్ పవర్ సప్లై పోయిందనుకోండి, ఏడాది తర్వాత ఏ వైపు ఏదో పోయి అంతా ఆరిపోయిన రోజున కదా తెలిసేది.

కాబట్టి ముందు అలారం, తర్వాత టెస్ట్. పీఆర్‌పీ పరికరాలు రెండు సెకన్లకోసారి నేను ఉన్నానంటూ సూపర్‌విజన్ ఫ్రేములు పంపుతాయి. వాటిని బట్టి కార్డులోనో రెడ్‌బాక్స్‌లోనో నోడ్ టేబుల్ తయారవుతుంది, ఎవరు ఏ మీద ఆఖరుగా ఎప్పుడు కనపడ్డారు, బీ మీద ఎప్పుడు అని. రిలేలు కూడా ఐఈసీ 61850లో (సబ్‌స్టేషన్ పరికరాలు మాట్లాడుకునే స్టాండర్డ్) ఎల్‌సీసీహెచ్ అనే లాజికల్ నోడ్ ద్వారా తమ రెండు చానెళ్ల పరిస్థితి విడివిడిగా చెప్పగలవు. ఆ పాయింట్లు హెచ్‌ఎంఐ అలారం లిస్టులో ఉన్నాయా? చాలా సైట్లలో ఉండవు, టెండర్‌లో ఎవరూ రాయలేదు కాబట్టి ఎవరూ పెట్టలేదు. మీరు పెట్టండి. స్విచ్‌ల పవర్ ఫెయిల్ కాంటాక్టులు కూడా ఒక డిజిటల్ ఇన్‌పుట్‌కు వైర్ చెయ్యండి.

ఇప్పుడు టెస్ట్. పింగ్ నిరంతరం నడుస్తుండగా పీసీ ఏ కేబుల్ పీకండి, ఒక్క పింగ్ కూడా పోకూడదు, అలారం రావాలి. పెట్టేసి, నోడ్ టేబుల్లో అందరూ మళ్లీ రెండు వైపులా కనపడ్డాకే బీ పీకండి, తొందరపడి వెంటనే పీకితే మీరు చూసేది మీ తొందరను. తర్వాత ఏ స్విచ్ ఎంసీబీ దించండి, ఎత్తి, బీది దించండి. ఇక్కడే బయటపడుతుంది రెండు స్విచ్‌లూ ఒకే ఎంసీబీ నుంచి వచ్చాయని. రెండు డీసీ సోర్సులుంటే ఏకు ఒకటి, బీకి ఒకటి ఇవ్వాలి. తర్వాత రిలే వైపు వెళ్లి ఫైబర్ జతలో ఒక్క తీగ మాత్రమే తియ్యండి. మధ్యలో మీడియా కన్వర్టర్లు ఉన్న చోట ఒక తీగ పోయినా ఇంకో చివర లింక్ లైటు వెలుగుతూనే ఉండొచ్చు. అప్పుడు కూడా అలారం వస్తేనే మీ అలారం పనిచేస్తున్నట్టు.

ఇంకో టెస్ట్ తప్పకుండా చెయ్యండి, దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. డేటా 1472 బైట్లు పెట్టి, ముక్కలు చెయ్యొద్దనే ఆప్షన్‌తో పింగ్ కొట్టండి. ఐసీఎంపీ 8, ఐపీ 20 కలిపితే 1500, ఈథర్‌నెట్ 18 కలిపితే 1518, పీఆర్‌పీ తోక 6 కలిపితే 1524. వీలాన్ ట్యాగ్ 4 కూడా ఉంటే 1528. చవక స్విచ్ అయితే 1518 దాటిన ఫ్రేమును, కొన్నయితే 1522 దాటినదాన్ని, నోరు మూసుకుని పడేస్తుంది. రెండు లాన్‌లలోనూ అదే మోడల్ కదా, రెండూ పడేస్తాయి, రిడండెన్సీ ఏమీ చెయ్యలేదు. లక్షణం ఎలా ఉంటుందంటే, చిన్న పింగ్ వస్తుంది, బ్రేకర్ స్టేటస్ వస్తుంది, కానీ డిస్టర్బెన్స్ రికార్డు (తేడా వచ్చినప్పుడు రిలే రాసుకున్నది) ఫైలు దింపబోతే మొదట్లోనే ఆగిపోతుంది, అందరూ రిలే కంపెనీకి ఫోన్లు చేస్తుంటారు. స్విచ్‌లో గరిష్ఠ ఫ్రేమ్ సైజు పెంచే సెట్టింగ్ ఉంటే పెంచండి, లేకపోతే ఆ స్విచ్ ఇక్కడికి పనికిరాదు.

రిపోర్ట్‌లో కేబుల్ దారి కూడా రాయండి. ఏ, బీ ఫైబర్లు రెండూ ఒకే ట్రెంచ్‌లో పక్కపక్కనే పడుకుని ఉంటే పందికొక్కుకు ఏదైనా ఒకటే, రెండూ ఒకే రాత్రి కొరికేస్తుంది. వేరే ట్రెంచ్ లేకపోతే కనీసం ఒకదాన్ని ఆర్మర్డ్ ఫైబర్ వేయించి ట్రెంచ్ రెండో గోడ వైపు ట్రేలో తీసుకెళ్లండి, అది కూడా కుదరకపోతే కుదరలేదని రిపోర్ట్‌లో రాసి కస్టమర్ చేత సంతకం పెట్టించుకోండి.